స్టెప్నీ బరువు ఎక్కడికి పోతుంది?

ఆటోనగర్ షెడ్డు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా జీపులు, జిప్సీలు, థార్‌ల గురించే. బంపర్లు, స్టెప్నీ క్యారియర్లు సొంతంగా కట్టించుకోవాలన్న ఉత్సాహం బెజవాడలోనూ గుంటూరులోనూ బాగా పెరిగింది. నాకు సంతోషమే, ఇది నేను అన్నం తినే పని. అయితే ఉత్తరాలతో వచ్చిన ఫొటోలు కొన్ని చూస్తే గుండె ఝల్లుమంది. ముందు నుంచి చూస్తే నిగనిగలాడే నల్ల పెయింటు, వెనక్కి వెళ్లి చూస్తే మొత్తం బరువంతా రెండు చిన్న బోల్టుల మీద. అందుకని ఈ నెల కొద్ది ఉత్తరాలే తీసుకున్నాను. మొదటి ఉత్తరానికి మాత్రం తీరిగ్గా రాశాను, అడిగినవాళ్లలో చాలామందికి అదే జవాబు.

ప్రశ్న: అన్నగారూ, నాది పాత జిప్సీ. 235/75 ఆర్15 టైర్లు వేయించాను. స్టెప్నీ వెనక డోరు మీదే ఉంది. రిమ్ముతో కలిపి తూకం వేయిస్తే 28 కిలోలు వచ్చింది. డోరు బందుల దగ్గర రేకు చీలింది. వెల్డింగ్ పెట్టించాను, పక్కనే మళ్లీ చీలింది. కొండవీడు ఘాట్ ఎక్కినప్పుడల్లా వెనక నుంచి డబడబా చప్పుడు. బంపర్ మీద తిరిగే క్యారియర్ పెట్టించమని స్నేహితుడు అంటున్నాడు. ఉన్న బంపర్ ఆగుతుందా?
— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

ఆగదండీ. ఆ బంపర్ చిన్న తగులుకు అడ్డం పడటానికి చేసిన రేకు, టైరును మోయడానికి చేసింది కాదు.

ముందు డోరు సంగతి. కంపెనీ వేసే 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 67 సెంటీమీటర్లు. మీరు వేసినది 73 దాటుతుంది. బరువు పెరిగింది, వెడల్పు పెరిగింది, వెడల్పు పెరిగినకొద్దీ ఆ బరువు డోరుకి దూరంగా వేలాడుతుంది. చీలినచోట వెల్డింగ్ పెడితే అతుకు గట్టిపడుతుంది గానీ, అతుకు అంచున ఉన్న పల్చటి రేకు వేడికి దెబ్బతింటుంది. పగులు అతుకును వదిలేసి పక్కకు జరగడానికి కారణం అదే. ఇక అక్కడ మళ్లీ వెల్డింగ్ పెట్టించకండి. స్టెప్నీ దించేశాక డోరును రేకుపని మేస్త్రికి చూపించి లోపలివైపు వెడల్పాటి పట్టీ వేయించండి, చాలు.

ఇప్పుడు క్యారియర్. ఎవరి దగ్గర కట్టించినా ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ఈ టైరు బరువు ఎక్కడికి పోతుంది? టైరు నుంచి దాన్ని పట్టుకుని తలుపులా తిరిగే చేతికి, చేతి నుంచి అది తిరిగే నిలువు ఇరుసుకి, ఇరుసు నుంచి బంపర్‌కి, బంపర్ నుంచి ఛాసీకి పోవాలి. ఈ దారిలో ఎక్కడ ఒక్క పల్చటి రేకు ఉన్నా అక్కడే చీలుతుంది. మీ డోరులో జరిగింది కూడా అదే.

చివరి మెట్టు నుంచి మొదలుపెడదాం. ఛాసీ చివరలకు రెండువైపులా 8 లేదా 10 మిల్లీమీటర్ల ప్లేట్లు పొడుగ్గా ఆనించి, ఒక్కోవైపు కనీసం నాలుగు ఎం12, అంటే 12 మిల్లీమీటర్ల లావు బోల్టులు వేయాలి. బోల్టు తల మీద దాని బలాన్ని చెప్పే 8.8 అని అంకె ఉండాలి. ఆ అంకె లేని బోల్టు ఎంత లావుగా ఉన్నా వద్దు. ఛాసీ లోపల బోలుగా ఉంటుంది కాబట్టి బోల్టు గట్టిగా బిగిస్తే గోడలు లోపలికి నొక్కుకుపోతాయి, నాలుగు ప్రయాణాలకే బోల్టు వదులవుతుంది. బోల్టు దూరేంత పైపు ముక్కను లోపల స్లీవ్‌గా పెట్టి బిగిస్తే ఆ గొడవ ఉండదు. కొత్త బెజ్జాలు వేయక తప్పకపోతే ఛాసీ పక్క గోడకే వేయండి. పైఅంచుకీ కిందిఅంచుకీ డ్రిల్లు తగలనివ్వకండి, వంపు బలమంతా ఆ అంచుల్లోనే ఉంటుంది. ఛాసీకి నేరుగా వెల్డింగ్ మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

అడ్డంగా వేసే దూలానికి 100×50 పెట్టె పైపు, గోడ మందం 4 మిల్లీమీటర్లు, మీ బండికి సరిపోతుంది. మీటరుకు సుమారు ఎనిమిదిన్నర కిలోలు వస్తుంది. అంతకంటే మందం వేయించుకుంటే బరువు మోసుకు తిరగడం తప్ప ఒరిగేదేం లేదు.

ఇరుసు దగ్గరే అసలు పనితనం తెలుస్తుంది. చాలా షెడ్లలో దూలం పైగోడకు బెజ్జం వేసి, ఇరుసును అందులో నిలబెట్టి, చుట్టూ వెల్డింగ్ తిప్పేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. అలా చేస్తే టైరు బరువంతా 4 మిల్లీమీటర్ల గోడ ఒక్కటే మోయాలి. ఇరుసు దూలాన్ని పైనుంచి కిందికి దూసుకుపోయి, పైగోడకూ కిందిగోడకూ రెండుచోట్లా అతుక్కోవాలి.

లెక్క చూడండి. మీ టైరు 28 కిలోలు, దాని నడిమధ్య ఇరుసుకు 70 సెంటీమీటర్ల దూరం. చెయ్యి 14 కిలోలు, దాని బరువు 40 సెంటీమీటర్ల దూరంలో పడుతుందనుకుందాం. ఒక్కో బరువునూ దాని దూరంతో గుణించి రెండూ కలిపితే 2,520. ఇరుసు మీద పైబేరింగుకూ కిందిబేరింగుకూ మధ్య ఎడం 10 సెంటీమీటర్లయితే, ఒక్కో బేరింగు మీద పక్కకు లాగే బలం 252 కిలోలు. ఎడం 20 చేస్తే 126. బండి గుంతలో పడి లేచినప్పుడు దీన్ని రెండు మూడింతలు చేసుకోండి. ఇరుసును పది సెంటీమీటర్లు పొడుగు చేస్తే అయ్యే ఖర్చు ఏ పాటిది? చేతిలో ఇనుము మందం పెంచడం కంటే ఈ ఎడం పెంచడం మీదే నాకు నమ్మకం.

బేరింగులకు బదులు ఇత్తడి బుష్షులు వేసి గ్రీజు నిపిల్ పెట్టినా నడుస్తుంది. కానీ బుష్షు అరిగితే బిగించే వీలుండదు. టేపర్ రోలర్ బేరింగులు రెండు, పైన నట్టు, దానికి స్ప్లిట్ పిన్ను పెడితే, ఏడాదికోసారి నట్టు కాస్త బిగిస్తే చాలు, వదులు పోతుంది. పాత కారు వెనక చక్రం స్టబ్ యాక్సిల్, హబ్ మంచి స్థితిలో దొరికితే అదే ఇరుసుగా వాడుకోవచ్చు. మా ఆటోనగర్‌లో వెతికితే దొరకనిది ఉండదు. లేత్ మీద కొత్తగా తీయిస్తే ఏ ఇనుమో అడగండి. లేత్ షాపులో ఎక్కువగా ఇ.ఎన్.8 రాడ్డు ఇస్తారు. అందులో కార్బన్ ఎక్కువ. చల్లగా ఉన్నదాని మీద నేరుగా వెల్డింగ్ కొడితే అతుకు అంచున కంటికి కనిపించని పగులు వస్తుంది. గ్యాసు మంటతో ముందుగా వేడి చేసి, వెల్డింగ్ అయ్యాక నీళ్లు చల్లకుండా పొడి ఇసుకలో గానీ సున్నంలో గానీ కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. తొందరపడి బకెట్ నీళ్లు గుమ్మరించేవాళ్ల దగ్గర ఈ పని చేయించకండి.

చప్పుడు సంగతి. క్యారియర్ మూసినప్పుడు చెయ్యి గాలిలో వేలాడకూడదు. తాళం ఉన్నవైపు దూలం మీద చిన్న ఏటవాలు దిమ్మ కట్టి, దాని మీద నైలాన్ ముక్క బిగించాలి. చెయ్యి ఆ వాలు మీదకు ఎక్కి కూర్చోవాలి. తాళం దాన్ని లోపలికీ కిందికీ కలిపి లాగాలి. టాగుల్ క్లాంప్ రకం తాళమైతే కడ్డీని తిప్పి బిగువు సరిచేసుకోవచ్చు. పరీక్ష తేలిక: నైలాన్ మీద కాగితం ముక్క పెట్టి తాళం వేయండి. కాగితం లాగితే చిరగాలి గానీ జారి రాకూడదు. తాళం కాకుండా విడిగా ఒక పిన్ను కూడా ఉండాలి. రోడ్డు మీద తాళం ఊడి టైరు తలుపులా తెరుచుకుంటే వెనక వచ్చే బైకువాడి గతేమిటి?

అలాగే తెరిచినప్పుడు 90 డిగ్రీల దగ్గర ఆగడానికి మరో పిన్ను పెట్టించండి. ఘాట్ రోడ్డు మీద వాలులో ఆపి, సామాను తీసుకుంటుంటే ఆ చెయ్యి బరువుతో వెనక్కి తిరిగి వచ్చి మనిషిని కొడుతుంది. పిల్లలు వెనక నిలబడే బండి అయితే ఇది అస్సలు మర్చిపోవద్దు.

బరువు గురించి ఇంకొక్క మాట. దూలం, చెయ్యి, టైరు కలిపి 70 కిలోలనుకుందాం. అది బండి వెనక చక్రాల ఇరుసుకు 80 సెంటీమీటర్లు వెనక వేలాడుతుంది. జిప్సీ ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2,375 మిల్లీమీటర్లు. ఆ లెక్కన వెనక ఇరుసు మీద పడేది 70 కాదు, దగ్గర దగ్గర 94 కిలోలు. ఆ అదనపు 24 కిలోలు ముందు చక్రాల మీద నుంచి తగ్గుతాయి. స్టీరింగు తేలికైనట్టు అనిపించేది అందుకే. పాత టైరు, పాత బంపర్ తీసేసిన బరువు ఇందులోంచి తగ్గించుకోండి. అయినా వెనక కమాన్ కట్టలు పాతవైతే ముందు వాటిని చూపించండి. హెడ్‌లైట్లు పైకి లేస్తాయి, వాటినీ సరిచేయించండి. అదే చేతికి పెట్రోలు డబ్బా కూడా తగిలిస్తామనేవాళ్లు ఉంటారు. వద్దు. వెనక నుంచి ఎవరైనా గుద్దితే ముందు నలిగేది ఆ డబ్బాయే.

వెనక లైట్లు, నంబరు ప్లేటు, ప్లేటు మీది లైటు, ఏ ఒక్కటీ టైరు చాటుకు పోకూడదు. పని మొదలుపెట్టేముందే రవాణా శాఖ ఆఫీసులో, ఇన్సూరెన్సు కంపెనీలో కాగితం మీద అడగండి. ఎందుకో కింది ఉత్తరంలో రాశాను.

ప్రశ్న: నాది కొత్త థార్. ముందు ప్లాస్టిక్ బంపర్ తీసేసి 6 ఎం.ఎం. ప్లేటుతో బరువైన బంపర్, దానిపైన బుల్ బార్, అంటే ఇనప పైపుల అడ్డు, పెట్టించాలి. రోజూ బెంజి సర్కిల్ మీదుగా ఆఫీసుకు వెళ్తాను, సెలవుల్లో కొండల వైపు. ఎంతవుతుంది?
— ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

ఈ పని నేను చేయను, చేయించుకోవద్దని కూడా చెబుతున్నాను. కోపం తెచ్చుకోకుండా చదవండి.

మొదటిది చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ తయారుచేసి ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు లేఖ రాసింది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. అందరి బండ్లకూ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ప్రమాదం జరిగి కాగితాలు బయటకు తీసిన రోజున ఆ అందరూ మన పక్కన నిలబడరు.

రెండోది ఎయిర్‌బ్యాగులు. ముందు బంపర్, దాని వెనక నలిగే భాగాలు ఒక పద్ధతిలో ముడుచుకుపోయేలా చేసి ఉంటాయి. బండి ఎంత వేగంగా ఆగిపోతోందో చూసి సెన్సరు ఎయిర్‌బ్యాగును విప్పుతుంది. నేరుగా ఛాసీకి బిగించిన 6 మిల్లీమీటర్ల ప్లేటు ముందుంటే ఆ ముడత ఉండదు. ఎయిర్‌బ్యాగు విప్పుకోవాల్సిన సమయం తారుమారు కావచ్చు. నలగని బంపర్ దెబ్బను ఆపదు, లోపల కూర్చున్నవాళ్లకు అందిస్తుంది.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం రోడ్డు దాటేవాళ్లను మీరూ చూస్తూనే ఉంటారు. ప్లాస్టిక్ బంపర్ తగిలితే దెబ్బతో బయటపడే మనిషి, ఇనప పైపు తగిలితే బతకకపోవచ్చు. పైగా ఆ పైపు సరిగ్గా తొడ ఎముకకో, చిన్నపిల్లల ఛాతీకో ఎదురుగా వస్తుంది. ఊళ్లో తిరిగే బండికి బుల్ బార్ కట్టి డబ్బు తీసుకోవడం నాకు చేతకాదు.

మీ సెలవుల మాట. కొండదారిలో ముందు నిజంగా పనికొచ్చేవి రెండు: కింద ఇంజను చాంబర్‌ను కాపాడే స్కిడ్ ప్లేటు, బండిని లాగడానికి గట్టి హుక్కు. హుక్కు కంపెనీయే ఇస్తుంది, స్కిడ్ ప్లేటు గురించి కూడా ముందు షోరూములోనే అడగండి. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు వేయించుకోండి. రోడ్డెక్కని బండి, అంటే తోటలోనో ట్రాక్ మీదో మాత్రమే తిరిగే పాత జీపు అయితే తీసుకురండి, సంతోషంగా కట్టిస్తాను.

ప్రశ్న: మాకు మిరప పొలం ఉంది. వానలకు నల్లరేగడిలో బొలెరో దిగబడితే ట్రాక్టరుతో లాగిస్తాం. పోయినసారి గొలుసు బంపర్‌కు కడితే బంపర్ ఊడొచ్చింది. మా ఇంటాయన బంపర్ మీద లావుపాటి హుక్కు వెల్డింగ్ పెట్టిస్తానంటున్నారు. సరేనా?
— ఒక పాఠకురాలు, ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా

వద్దమ్మా. ఊడొచ్చింది హుక్కు కాదు, బంపర్. ఆ బంపర్ మీదే ఇంకా లావు హుక్కు పెడితే ఈసారి బంపర్‌తో పాటు హుక్కు కూడా ఎగిరి వస్తుంది.

నల్లరేగడి చక్రాన్ని పట్టుకున్నప్పుడు లాగాల్సింది బండి బరువు ఒక్కటే కాదు. ఇరుసు దాకా దిగితే మట్టి పట్టు కూడా దానికి తోడవుతుంది. ట్రాక్టరు ఒక్క కుదుపు ఇచ్చిందంటే ఆ క్షణంలో పడే బలం టన్నుల్లో ఉంటుంది. దాన్ని తట్టుకునేది ఛాసీ ఒక్కటే. కంపెనీ ఇచ్చిన లాగుడు హుక్కు ఎక్కడుందో బండి పుస్తకంలో చూడండి, ముందు దాన్నే వాడండి. అది వంగిపోయి ఉంటే ఛాసీ చివర ఉన్న బెజ్జాలకు బోల్టులతో బిగించే ప్లేటు చేయించండి. 20 మిల్లీమీటర్ల మందం ప్లేటు, అందులో షాకిల్ (పిన్నుతో మూసే ఇనప కొక్కెం) దూరే బెజ్జం, బెజ్జం అంచులు గ్రైండింగ్ చేసి నున్నగా ఉండాలి. బంపర్ ఉంటే ఈ ప్లేటు దాన్ని చీల్చుకుని ముందుకు రావాలి, దాని మీద అతికించినట్టు ఉండకూడదు.

షాకిల్ కొనేటప్పుడు దాని మీద మోసే బరువు అచ్చు పోసి ఉందో లేదో చూడండి. పిన్నుకాక ఒంటి లావు 19 మిల్లీమీటర్లు ఉండే విల్లు షాకిల్ మీద 4.75 టన్నులని ఉంటుంది, మీకు అది సరిపోతుంది. అచ్చు లేనిది ఎంత చవకైనా తీసుకోకండి. ట్రాలీ తగిలించే గుండు ఉంటుంది చూడండి, దానికి మాత్రం ఎప్పుడూ తాడు వేయనివ్వొద్దు. అది విరిగితే ఫిరంగి గుండే, మనుషులు చనిపోయారు. ఇక ఇనప గొలుసు మానేసి, వెడల్పాటి పాలిస్టరు బెల్టు కొనండి. దాని మధ్యలో తడిపిన గోనెసంచి వేయండి, తెగినా అంత ఎగరదు. ట్రాక్టరు నడిపే మనిషి తప్ప, కూలీలనూ పిల్లలనూ బెల్టు పొడవుకు రెండింతల దూరంలో నిలబెట్టండి. లాగే ముందు చక్రాల ముందున్న మట్టి పారతో తీయించండి. పది నిమిషాల పారపని లాగుడు బలాన్ని చాలా తగ్గిస్తుంది.

ప్రశ్న: సూర్యలంక బీచ్ దగ్గర మా రిసార్టు జీపుకు పైపు బంపర్ కట్టించాం. ఏడాది తిరక్కుండా అతుకుల దగ్గర తుప్పు కారుతోంది. మళ్లీ పెయింటు వేయిస్తే పోతుందా?
— ఒక పాఠకుడు, బాపట్ల

పోదు, ఆ తుప్పు లోపలి నుంచి వస్తోంది. పైపు కొసలు మూసినచోట సన్నటి సందు ఉంటే చాలు, ఉప్పుగాలి తేమ లోపలికి వెళ్లి అక్కడే నిలిచిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తర్వాత మా షెడ్డుకు వచ్చిన బండ్ల బంపర్లు కోస్తే లోపల నుంచి బురద కారింది, బయట పెయింటు మాత్రం చెక్కుచెదరలేదు. పైపు అన్నిటికంటే పల్లంగా ఉన్నచోట 8 మిల్లీమీటర్ల బెజ్జం వేసి నీరు పోనివ్వండి. విప్పి, ఇసుకతో బ్లాస్టింగ్ చేయించి, అదే రోజు జింకు ఎక్కువగా ఉండే ప్రైమరు కొట్టించి, ఆ తర్వాతే పౌడర్ కోటింగ్. లోపలికి మైనం లాంటి తుప్పు మందు స్ప్రే చేయించండి. మీది సముద్రం పక్కనే కాబట్టి ఈసారి కొత్తది కట్టిస్తే, బెజ్జాలు, అతుకులు అన్నీ పూర్తయ్యాక మొత్తాన్ని వేడి జింకులో ముంచి తీయించడం మేలు. ముందే జింకు పూసిన జీఐ పైపు తెచ్చి వెల్డింగ్ కొట్టడం మాత్రం వద్దు. కొట్టేవాడు ఆ తెల్లటి పొగ పీల్చి రాత్రికి చలిజ్వరంతో పడుకుంటాడు. పాలు తాగితే పోతుందంటారు గానీ, ముందే జింకు గీకేసి, మాస్కు పెట్టుకుని, గాలి ఆడేచోట పని చేయడమే దారి.

ప్రశ్న: గురువుగారూ, నేను ఐటీఐ వెల్డర్ ట్రేడ్ చదువుతున్నాను. సాయంత్రాలు ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు వెళ్తున్నాను. బంపర్లకు రాడ్డు మంచిదా, సీఓటూ మిషన్ మంచిదా? నా అతుకులు అందంగా వస్తున్నాయి కానీ మేస్త్రి సుత్తితో కొడితే రెండు ఊడిపోయాయి. చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థి, విజయవాడ

తమ్ముడూ, నీ మేస్త్రి మంచివాడు. సుత్తితో కొట్టి చూపించేవాడి దగ్గరే ఉండు.

సీఓటూ మిషన్ అంటే గ్యాసు కింద తీగను కరిగించి అతికించేది కదా, దాని మీద పల్చటి రేకుకూ మందపాటి ప్లేటుకూ ఒకే సెట్టింగు పెట్టి ఉంటావు. తీగ కరిగి అందంగా గీత పడుతుంది, కింద ప్లేటు మాత్రం కరగదు. అతుకు ప్లేటు మీద కూర్చుంటుంది, లోపలికి దిగదు. దాన్నే చల్లని అతుకు అంటాం. ఊడిన ముక్కను చూడు, అతుకు కింద ప్లేటు అంచు గ్యాసు కటింగ్ గీతలతో ఎప్పటిలాగే ఉందంటే అది కరగలేదన్నమాట. 4 మిల్లీమీటర్లు దాటితే అంచులను గ్రైండర్‌తో ఏటవాలుగా తీసి, మధ్యలో రెండు మిల్లీమీటర్ల సందు వదిలి అప్పుడు కొట్టు. కరెంటు పెంచు. పంఖా గాలి అతుకు మీదకు రాకుండా చూసుకో, గ్యాసు చెదిరిపోతే లోపల బుడగలు మిగులుతాయి.

రాడ్డు కూడా చెడ్డది కాదు. ఇరుసు చుట్టూ, ఛాసీ ప్లేట్ల దగ్గర నేను ఇప్పటికీ 7018 రకం రాడ్డే వాడతాను, పది గేజి, అంటే 3.15 మిల్లీమీటర్ల లావు. అయితే ఆ రాడ్డుకు తేమ పనికిరాదు. వానాకాలంలో ప్యాకెట్ విప్పి బల్ల మీద వదిలేసిన 7018 కంటే పొడిగా ఉన్న మామూలు 6013 రకం రాడ్డు నయం. ఓవెన్‌లో వేడి చేసి వాడుకోవాలి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: అతుకు వరస. ఒక కొస నుంచి రెండో కొస దాకా ఏకబిగిన కొట్టుకుంటూ పోతే ఇనుము చల్లారేటప్పుడు లాగేస్తుంది, మీటరు దూలం కొస అర సెంటీమీటరు లేస్తుంది. అప్పుడు బోల్టు బెజ్జాలు కలవవు, కలవని బెజ్జాన్ని గ్యాసుతో పెద్దది చేస్తారు, అక్కడితో బంపర్ పని అయిపోయినట్టే. ముందు అన్నిచోట్లా టాకాలు, అంటే చిన్న చిన్న చుక్కల అతుకులు వేసి, బండికి పెట్టి చూసుకో. తర్వాత ఇటు కాస్త, అటు కాస్త కొట్టు, చెయ్యి ఆన్చగలిగేంత చల్లారాకే తర్వాతది. బండి మీద ఉండగా కొట్టాల్సి వస్తే బ్యాటరీ వైర్లు విప్పేసి, ఎర్తు క్లాంపును అతుకు పక్కనే పెట్టు. ఈ కాలపు బండ్లలో కంప్యూటర్ బాక్సు పోతే నీ ఏడాది జీతం పోయినట్టే.

మేస్త్రిని అడిగి మిగిలిన ప్లేటు ముక్కలు తీసుకో. రోజూ రెండు అతికించి, వైస్‌లో పెట్టి, అతుకు విరిగేదాకా వంచు. విరిగిన చోట లోపల ఏముందో చూడు. ఏ పుస్తకం కంటే అదే త్వరగా నేర్పుతుంది.

ప్రశ్న: జిమ్నీకి వెనక బంపర్ డిజైన్ చేసుకుంటున్నాను. కొలతలు పంపితే చూస్తారా? అట్టతో నమూనా కత్తిరించాను.
— ఒక పాఠకుడు, నూజివీడు

అట్టతో మొదలుపెట్టావు, అదే సరైన పద్ధతి. లేజర్ కటింగ్‌కు ఫైలు ఇచ్చే ముందు అట్టను బండికి ఆనించి, సైలెన్సర్ గొట్టం, డోరు తెరుచుకునే దారి, పార్కింగ్ సెన్సర్లు అన్నీ చూసుకోవాలి. సైలెన్సర్‌కు చుట్టూ కనీసం రెండు వేళ్ల సందు వదులు, ఇంజను అదిరినప్పుడు అది కదులుతుంది. జిమ్నీ వెనక నుంచి దిగే కోణం కంపెనీ లెక్కలో 50 డిగ్రీలు, ఈ ధరలో అది గొప్ప విషయం. కింద నాలుగు అంగుళాలు వేలాడే బంపర్ కట్టి దాన్ని పాడుచేసుకోకు. అట్ట కింది అంచు నుంచి వెనక టైరు నేలను తాకేచోటుకు ఒక దారం కట్టి చూడు, కోణం ఎంత తగ్గుతుందో కళ్లకు కడుతుంది. మొదటి ఉత్తరంలో రవాణా శాఖ ఆఫీసు గురించి, ఇన్సూరెన్సు గురించి రాసినవి నీకూ వర్తిస్తాయి, ముందు అది తేల్చుకో. ఆ తర్వాత కొలతలు తప్పకుండా పంపు. అయితే నాలుగు టైర్లలోనూ గాలి సరిచూసి, చదునైన నేల మీద బండిని నిలిపి, ట్యాంకులో సగమైనా పెట్రోలు ఉన్నప్పుడే టేపు పెట్టు.